మొక్కల శాస్త్రంలో అందరికీ చోటు: హైదరాబాద్ విద్యార్థులు, పరిశోధకులు తరచుగా అడిగే ప్రశ్నలు

వృక్షశాస్త్రం, వ్యవసాయం, జీవసాంకేతికత చదివే విద్యార్థులు, వాళ్లకు దారి చూపే అధ్యాపకులు ఏటా దాదాపు ఇవే సందేహాలతో వస్తున్నారు. హైదరాబాద్ చుట్టూ మొక్కల మీద పనిచేసే సంస్థలకు కొదవ లేదు. పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి, చిరుధాన్యాలు, నూనెగింజల పరిశోధన సంస్థలు ఉన్నాయి. గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం, నగరం నడుమ ఉస్మానియా ఉన్నాయి. ఇన్ని తలుపులున్న ఊళ్లో కూడా కొందరు గడప దాటలేకపోతున్నారు, దాటినవారిలో కొందరు నిలవలేకపోతున్నారు. అందుకే ఈ జవాబులు. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## చేరకముందు

మొక్కలకు కులమతాలు తెలియవు. మరి ఈ చర్చ మొక్కల శాస్త్రంలో ఎందుకు?

మొక్కకు తెలియవు. కానీ ఏ మొక్కను ఎంచుకోవాలో, ఏ గుణం కోసం పదేళ్లు పాటుపడాలో నిర్ణయించేది మనుషులు. జొన్ననే తీసుకోండి. 1964లో దేశంలో మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 విడుదలైంది. వానకాలం పంటలో సంకర రకాలు గింజ దిగుబడిని బాగా పెంచాయి. యాసంగిలో మాత్రం దక్కను రైతులు దశాబ్దాల నాటి మాల్దండి రకాన్ని అంత సులువుగా వదల్లేదు. రొట్టె బాగా రావాలి, చొప్ప పశువులకు సరిపోవాలి. ఈ రెండు సంగతులూ రొట్టె చేసేవారికి, మేత వేసేవారికి ముందే తెలుసు. మన ఇళ్లలో ఆ పనులు ఎక్కువగా ఆడవాళ్లవే. కొత్త రకానికి ఏ లక్షణాలుండాలో తేల్చే చోట వాళ్లు లేకపోతే ఆ జాబితాలో దిగుబడి ఒక్కటే పైకి తేలుతుంది.

శనగ ఇంకో ఉదాహరణ. శనగ మొక్క ఆకుల మీద ఆమ్లం ఊరుతుంది, చేత్తో పీకేవారి వేళ్లు మండుతాయి. ఎత్తుగా పెరిగి యంత్రంతో కోయడానికి వీలైన రకాలు వచ్చాక ఆ మంట తగ్గింది, దాంతోపాటు కూలి పనీ తగ్గింది. ఆ మేలూ ఈ నష్టమూ జరిగేది శనగ పీకే ఆ ఒకే ఆడమనిషికి. ఆమెను ఒక్క మాట అడగకుండా దాన్ని శ్రమ తగ్గించే రకమని మనమే తేల్చేయడం నాకు సబబుగా తోచదు.

సమానత్వం అంటే అందరికీ ఒకే నియమం పెట్టడమే కదా?

పొలంలో మరుగుదొడ్డి లేదనుకోండి. అది అందరికీ సమానంగానే లేదు. మగవాళ్లు చెట్టు చాటుకు వెళ్లి వస్తారు. ఆడవాళ్లు ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఏప్రిల్ ఎండలో అలా పనిచేస్తే వడదెబ్బ తగులుతుంది, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. నియమం ఒకటే అయినా దెబ్బ ఒకరికే. ఎవరికి ఏది అడ్డమో చూసి దాన్ని తీసేయడమే సమన్యాయం. చాలా సందర్భాల్లో ఆ అడ్డు చాలా మామూలు వస్తువుగా ఉంటుంది, అందుకే పెద్దల కంట పడదు.

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివాను. పరిశోధనకు పనికొస్తానా?

పనికొస్తారు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో కిరణజన్య సంయోగక్రియను అర్థం చేసుకున్నవారికి ఆ శాస్త్రం వచ్చినట్టే. మిగిలింది ఆంగ్లంలో చెప్పడం. ఇబ్బంది లేదని మాత్రం నేను అనను. పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్ ప్రశ్నపత్రం ఆంగ్లం, హిందీల్లోనే వస్తుంది, ఇంటర్వ్యూల్లో తడబాటును తెలివితక్కువతనంగా లెక్కగట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. చేరిన మొదటి యేడాది వారానికి ఒక పరిశోధన వ్యాసాన్ని ఎంచుకుని, దాని సారాన్ని ముందు తెలుగులో, తర్వాత ఆంగ్లంలో ఒక పేజీ రాయండి. మార్గదర్శకులు చేయాల్సిన పని కూడా ఒకటుంది. ప్రయోగశాల సమావేశంలో ప్రశ్నను తెలుగులో అడగనివ్వండి. ప్రశ్న మంచిదైతే భాష తర్వాత కుదురుతుంది.

మాకు సెంటు భూమి లేదు, అమ్మానాన్నలు కూలికి వెళ్తారు. వ్యవసాయ డిగ్రీలో రైతు కోటా మాకు అందుతుందా?

రైతు కోటాకు సాధారణంగా తల్లిదండ్రుల పేరిట భూమి ఉన్నట్టు కాగితాలు అడుగుతారు. ఏ యేడాది నిబంధనలు ఆ యేడాది ప్రకటనలో ఉంటాయి, వాటిని పూర్తిగా చదవండి. పొలం కాగితం మీద నడిచే కోటా, పొలంలో రోజంతా ఒంగి పనిచేసే కుటుంబాన్ని బయట నిలబెట్టకూడదు. కూలీల పిల్లలకు విడిగా వాటా ఉండాలన్న వాదన న్యాయమైనదని నా నమ్మకం. సామాజిక వర్గ రిజర్వేషన్లకు భూమితో సంబంధం లేదు, వాటిని వదులుకోకండి. మొక్కల శాస్త్రంలోకి వ్యవసాయ డిగ్రీ ఒక్కటే దారి కూడా కాదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి, ఉస్మానియాలోనో కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో ఎమ్మెస్సీ చేసి పరిశోధనకు వచ్చినవారు ఎందరో ఉన్నారు.

ఫెలోషిప్ రాకపోయినా పీహెచ్‌డీలో చేరిపోనా?

ఇంట్లో మీ సంపాదన మీద ఆధారపడినవారు ఉంటే తొందరపడకండి. నెట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) మొత్తం 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ దశలో 42,000. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు కేంద్రం విడిగా జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఫెలోషిప్ వచ్చినా డబ్బు నెలల తరబడి ఆలస్యం కావడం మామూలే. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలవారు ఆ ఆలస్యాన్ని తట్టుకుంటారు, తిరిగి ఇంటికే పంపాల్సినవారు చదువు మానేస్తారు. చేరేముందు అదే ప్రయోగశాలలో ఉన్నవారిని, డబ్బు చేతికి అందడానికి ఎంతకాలం పట్టిందని సూటిగా అడగండి.

## ప్రయోగశాలలో, పొలంలో

తెల్లవారుజామున, రాత్రిపూట పొలం పని ఉంటుందంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఇంట్లోవారి భయాన్ని తీసిపారేయకండి. అదే సమయంలో ఆ పని ఎందుకు వదల్లేమో వాళ్లకు చెప్పండి. వేరుశనగలో సాయంత్రం పూమొగ్గ నుంచి పుప్పొడి తిత్తులు తీసేసి, మర్నాడు పొద్దున్నే పరాగ సంపర్కం చేయాలి. ఎండెక్కాక చేస్తే ఫలితం ఉండదు. మొక్కల్లో రోజువారీ లయను చదివేవారు నాలుగేసి గంటలకోసారి రాత్రంతా ఆకులు కోయాలి. పని వేళను మొక్క నిర్ణయిస్తుంది. ఆ వేళకు మనిషి భద్రంగా చేరేలా చూడాల్సింది సంస్థ. అందుకు వాహనం, తోడుగా రెండో మనిషి, వెలుతురు, దగ్గరలో తాళం పడే గది కావాలి. నగరం నడిబొడ్డు నుంచి పటాన్‌చెరు సుమారు ముప్ఫై కిలోమీటర్లు, తెల్లవారుజామున అంత దూరం బస్సు మారి రమ్మనడం అన్యాయం.

కొందరు మార్గదర్శకులు మంచి మనసుతోనే అమ్మాయిలకు పొలం పని ఇవ్వకుండా కంప్యూటర్ పని అప్పగిస్తారు. అలా చేస్తే ఐదేళ్ల తర్వాత పొలం అనుభవం అడిగే ఉద్యోగానికి వాళ్లు అర్హులు కాకుండా పోతారు. రక్షణ పేరుతో పని లాక్కోవద్దు, వాహనం ఏర్పాటు చేయండి.

గర్భంతో ఉన్నాను. ప్రయోగశాలలో చెప్పాలా? పరిశోధన ఆగిపోతుందా?

తొందరగా చెప్పడం మీకే మంచిది. ఉత్పరివర్తనాలు కలిగించే ఇథైల్ మీథేన్ సల్ఫొనేట్, క్రోమోజోముల పనిలో వాడే కాల్చిసిన్, డీఎన్‌ఏకు రంగు వేసే ఇథిడియం బ్రోమైడ్, పొలంలో పురుగుమందులు మొక్కల పరిశోధనలో మామూలుగా కనిపించేవే. వీటికి దూరంగా ఉండే పని అడగండి, వైద్యులకు రసాయనాల పేర్లు రాసి చూపించండి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రసూతి, శిశు సంరక్షణ కోసం మొత్తం వ్యవధిలో 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి గడువులో అదనంగా రెండేళ్ల వెసులుబాటు కూడా ఉంది. అయితే పంట రుతువు మీ సెలవు కోసం ఆగదు. ఒక వానకాలం పోతే యేడాది పోయినట్టే. మీరు లేని రుతువులో మీ ప్రయోగ మడులను (ప్లాట్లను) ఎవరు చూస్తారో, ఆ సమాచారం మీ పేరునే ఉంటుందో లేదో సెలవుకు ముందే మార్గదర్శకులతో కాగితం మీద పెట్టించుకోండి.

నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మొక్కల శాస్త్రం వదిలేయమంటున్నారు.

వదలొద్దు. ఇది వంశపారంపర్యంగా వచ్చే లక్షణం, మగవాళ్లలోనే ఎక్కువ, ఏ తరగతి గదిలోనైనా ఒకరిద్దరు ఉండవచ్చు. వరిలో నత్రజని అంచనాకు ఆకు రంగు పట్టిక వాడతారు. దాని బదులు స్పాడ్ మీటరు పత్రహరితాన్ని అంకెల్లో చూపిస్తుంది. తెగులు మచ్చలను ఫోటో తీసి కంప్యూటర్‌లో కొలవవచ్చు. సూక్ష్మదర్శిని చిత్రాల్లో ఎరుపు, ఆకుపచ్చ జంటకు బదులు మెజెంటా, ఆకుపచ్చ జంట వాడితే అందరికీ తెలుస్తుంది. గ్రాఫుల్లో రంగుతోపాటు గీతల ఆకారం కూడా మార్చండి, ఇందులో ఖర్చేమీ లేదు.

చక్రాల కుర్చీ వాడతాను. ప్రయోగశాల బల్లలే నాకు అందవు, పొలం సంగతి ఎలా?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం మీలాంటివారికి దక్కాలి. సీటు ఇచ్చి బల్ల ఇవ్వకపోవడం ఆ చట్టం స్ఫూర్తికి విరుద్ధం. ఒక్క బల్లనైనా తక్కువ ఎత్తులో కట్టించమని, సూక్ష్మదర్శినికి కెమెరా, తెర పెట్టించమని రాతపూర్వకంగా అడగండి. నీళ్లు నిలిచిన వరి మడిలోకి కుర్చీ దిగదు, నిజమే. కుండీల్లో, హరితగృహంలో, గట్టి బాట వేసిన ప్లాట్లలో చేసే ప్రయోగాలు చాలా ఉన్నాయి. డ్రోన్ చిత్రాలతో మొక్క లక్షణాలు కొలిచే పని ఇప్పుడు బాగా పెరుగుతోంది. ఏ పని చేయాలో మీరు చెప్పండి, మీ తరఫున ఇంకొకరు ఊహించి తేల్చడం సరికాదు.

రంజాన్ నెలలో పొలం పని, సెమినార్లు ఎలా సర్దుకోవాలి? హిజాబ్‌తో ప్రయోగశాలలో పనిచేయవచ్చా?

చేయవచ్చు. వేలాడని నూలు వస్త్రాన్ని కోటు లోపలికి దోపుకుంటే మంట దగ్గరా ఇబ్బంది ఉండదు. చున్నీకీ జడకూ వర్తించే జాగ్రత్తే ఇది. ఉపవాస దినాల్లో ఎండ పని ఉదయానికి, సెమినార్లు మధ్యాహ్నం లోపుకు మార్చండి. ఇఫ్తార్ వేళకు సమావేశం పెట్టకండి. హైదరాబాద్‌లో ఈ సర్దుబాటు కొత్తేమీ కాదు.

చేరిన మొదటి వారంలోనే 'మీరేమిట్లు?' అని అడిగారు. నేను అతిగా ఆలోచిస్తున్నానా?

లేదు. ఇంటిపేరు అడగడం, ఊళ్లో ఏ వాడ అని అడగడం, ప్రవేశ పరీక్షలో ర్యాంకు ఎంతని పదిమందిలో అడగడం, మెస్‌లో ఏం తింటారని గుచ్చి అడగడం చాలాసార్లు కులమేమిటన్న ఆ ఒక్క ప్రశ్నకే వేషాలు. జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. 'నేను కంది మీద పనిచేస్తున్నాను' అని చెప్పి మాట మార్చే హక్కు మీది. మాట అక్కడితో ఆగక పరికరాల వాడకంలో, సంతకాల్లో, మూల్యాంకనంలో తేడా కనిపిస్తే తేదీలు వేసి రాసి పెట్టుకోండి.

2012 నాటి యూజీసీ నిబంధనలు ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. అవి కాగితాల మీదే మిగిలాయన్న బాధ ఈ నగరానికి బాగా తెలుసు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నారు. ఆయన తల్లి, ముంబయిలో మరణించిన వైద్య విద్యార్థిని పాయల్ తడ్వీ తల్లి కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్లు అడిగింది ఈ నిబంధనలను అమలు చేయించమనే. మీ మనసు కుంగుతుంటే ఒంటరిగా భరించకండి. స్నేహితులకు, నమ్మకమైన అధ్యాపకులకు, విద్యార్థి సంఘానికి, సలహాదారుకు చెప్పండి. తోడుగా ఒకరు ఉన్నప్పుడు ఫిర్యాదు రాయడం కూడా తేలికవుతుంది.

పొలం పర్యటనలో లైంగిక వేధింపు జరిగితే అది సంస్థ పరిధిలోకి వస్తుందా?

వస్తుంది. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పని మీద వెళ్లిన ప్రతి చోటూ, సంస్థ ఏర్పాటు చేసిన వాహనమూ పనిచోటే. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మహిళలు ఉండాలి, బయటి నుంచి ఒక సభ్యులు ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. దినసరి కూలికి వచ్చే మహిళలకూ ఈ చట్టం వర్తిస్తుంది. వాళ్లకు ఈ సంగతి తెలుగులో ఎవరో ఒకరు చెప్పాలి, ప్లాటు దగ్గర కమిటీ సభ్యుల ఫోను నంబర్లు తెలుగులో రాసి పెట్టాలి.

## ఊళ్లతో కలిసి పనిచేసేటప్పుడు

విత్తనాలు దాచే మహిళా రైతుల దగ్గర సమాచారం సేకరించాలి. ఎలా మొదలుపెట్టాలి?

వాళ్లను సమాచారం ఇచ్చేవారిగా కాక, విత్తన నిపుణులుగా చూస్తూ మొదలుపెట్టండి. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళితులు. పచ్చజొన్న, కొర్ర, సామ, కందుల్లో పాత రకాలను విత్తన బ్యాంకుల్లో కాపాడారు, ఏటా పాత పంటల జాతర జరుపుతున్నారు, 2008లో సొంత సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. మీ ప్రశ్నాపత్రం చూసి, అందులో అడగాల్సినవి అడగలేదని వాళ్లు చెబితే మార్చుకోండి.

మరో జాగ్రత్త. పట్టాదారు పేరు చూసి రైతుల జాబితా తయారు చేస్తే మహిళలు జారిపోతారు. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద మహిళల నిర్వహణలోని కమతాలు సుమారు 14 శాతమే. పొలంలో మాత్రం లెక్క అలా ఉండదని ఊరికి వెళ్లిన ఎవరికైనా తెలుసు. సమావేశం ఉదయం పది గంటలకు పెడితే వాళ్లు కలుపు పనిలో ఉంటారు. వేళ వాళ్లనే అడగండి, పోగొట్టుకున్న కూలి ఇవ్వండి. ఒక పాత రకాన్ని ఊరు నిలబెట్టి ఉంటే, 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం కింద దాన్ని రైతు రకంగా రుసుము లేకుండా నమోదు చేసుకోవచ్చని చెప్పండి.

నల్లమల చెంచుల దగ్గర మందు మొక్కల గురించి అడిగి వ్యాసం రాయవచ్చా?

వాళ్ల అనుమతి ముందు, మీ వ్యాసం తర్వాత. ఏం రాస్తారో, అది ప్రపంచమంతా చదువుతుందని, ఎవరైనా దాంతో వ్యాపారం చేయవచ్చని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. కాదంటే ఆగిపోవాలి. కేరళలో కాణి గిరిజనులు 1987లో శాస్త్రవేత్తలకు ఒక మొక్క చూపించారు, దాన్నుంచి జీవని అనే మందు తయారైంది. లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం వాళ్ల ట్రస్టుకు ఇవ్వాలని నిర్ణయించారు. 2002 జీవవైవిధ్య చట్టం రాకముందే ఇది జరిగింది. ఆ ఏర్పాటులో లోపాలు ఎత్తి చూపినవారూ ఉన్నారు, అయినా జ్ఞానానికి యజమానులు ఉంటారని అది ఒప్పుకుంది. మన వ్యాసాల్లో ఇప్పటికీ 'స్థానికులు చెప్పారు' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం నన్ను బాధిస్తుంది.

క్రాసింగ్ చేసే కూలీల పేర్లు పరిశోధన వ్యాసంలో పెట్టాలా?

పెట్టాలి, వాళ్లు ఒప్పుకుంటే. సంకరణంలో మొగ్గ విప్పి, అండాశయం చిట్లకుండా కేసరాలు తీసి, పుప్పొడి అద్ది, దారం కట్టేది చాలా చోట్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే మహిళలే. కంది మొగ్గ మీద చేయి తిరిగిన మనిషికీ, కొత్త పీహెచ్‌డీ విద్యార్థికీ కాయ పట్టే శాతంలో తేడా కళ్లకు కనిపిస్తుంది. ప్రయోగం నిలిచేది ఆ చేతి మీద. కృతజ్ఞతల్లో 'క్షేత్ర సిబ్బంది' అని రాసే బదులు పేర్లు రాయండి. పద్ధతిని మెరుగుపరచే ఉపాయం ఒకరు చెప్పి ఉంటే, వాళ్లను సహ రచయితగా చేర్చే విషయం నిజాయతీగా చర్చించండి. పేరుతోపాటు నైపుణ్యానికి తగ్గ కూలి కూడా ఇవ్వండి.

## రాసేటప్పుడు

విదేశీ ప్రయోగశాలతో ఉమ్మడి పని. విత్తనాలు, పొలం, సమాచారం మావి. రచయితల్లో మా పేరు మధ్యలో ఎక్కడో ఉంది. అడగవచ్చా?

అడగాలి, అదీ పని మొదలయ్యే రోజునే. ఎవరు ఏం చేస్తారు, మొదటి పేరు ఎవరిది, విశ్లేషణ ఎక్కడ జరుగుతుంది అన్నవి ఒక పేజీలో రాసుకోండి. విశ్లేషణ నేర్పే బాధ్యత కూడా అందులో ఉండాలి. విత్తనం పంపి, ఫలితం కోసం ఎదురుచూసే భాగస్వామ్యంలో ఇక్కడి విద్యార్థికి ఏమీ మిగలదు.

మా జిల్లా కళాశాలలో పరిశోధన పత్రికలు చదివే వీలే లేదు. ఎలా?

2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ గ్రంథాలయాధికారిని నమోదు సంగతి అడగండి. కళాశాల ప్రైవేటుదైతే రచయితలకే ఉత్తరం రాయండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు.

## ప్రయోగశాల నడిపేవారికి

ఇవన్నీ పెడితే ప్రతిభ పలుచబడదా?

వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్ జీవితం చూడండి. కేరళలో తీయ కులానికి చెందిన కుటుంబంలో 1897లో పుట్టారు, 1931లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. కోయంబత్తూరులో చెరకు క్రోమోజోముల మీద, సంకరణాల మీద పనిచేశారు. ఆడమనిషిగా, ఒంటరి మహిళగా, ఆ కులంలో పుట్టిన మనిషిగా అక్కడ ఆమెకు చోటు ఇరుకైంది. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి, 1945లో క్రోమోజోముల శాస్త్రవేత్త డార్లింగ్‌టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాసు వెలువరించారు. ఆమె అత్యుత్తమ సంవత్సరాల్లో చాలా భాగం మన పొలాలకు దక్కలేదు. ప్రతిభ పలుచబడేది తలుపు మూసినప్పుడే. అంత పేరు తెచ్చుకోలేక, ఎక్కడికీ వెళ్లలేక మధ్యలో మానేసినవారి లెక్క మన దగ్గర లేనే లేదు.

మా విభాగంలో విద్యార్థుల్లో సగానికి పైగా అమ్మాయిలే. ఇంకా చేయాల్సింది ఏముంది?

అధ్యాపకుల గదిలోకి వెళ్లి లెక్కపెట్టండి. తర్వాత కొనుగోలు కమిటీలో, నియామక కమిటీలో, క్షేత్ర విభాగం అధిపతుల్లో లెక్కపెట్టండి. కులాల వారీగా, వైకల్యం వారీగా కూడా చూడండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2020లో గతి పేరిట సంస్థలు తమను తామే ఇలా పరీక్షించుకునే కార్యక్రమం మొదలుపెట్టింది. విరామం తర్వాత తిరిగి వచ్చే మహిళా శాస్త్రవేత్తల కోసం అదే శాఖకు విడిగా పథకాలున్నాయి. మీ దగ్గర ఎమ్మెస్సీ చేసి పెళ్లయ్యాక ఆగిపోయినవారికి ఫోను చేసి ఆ సంగతి చెప్పండి.

నిధులు లేవు, పై అధికారులకు ఆసక్తి లేదు. నేనొక్కడినే ఏం చేయగలను?

మీ ప్రయోగశాల వరకు చాలా చేయగలరు. ఖాళీలున్నాయని తెలిసినవారికే చెప్పే అలవాటు మాని, జిల్లా ప్రభుత్వ కళాశాలలకు, గురుకుల డిగ్రీ కళాశాలలకు ప్రకటన పంపండి. ఇంటర్వ్యూలో అందరినీ అవే ప్రశ్నలు అడిగి, మార్కులు వేసిన తర్వాతే చర్చించండి. బీకర్లు కడగడం, టీ తెప్పించడం, అతిథులకు పూలగుత్తి ఇవ్వడం ఎవరి వంతుకు పడుతున్నాయో ఒక నెల గమనించి, వంతులు వేయండి. పొలానికి కొనే చేతి తొడుగులు, బూట్లు చిన్న సైజుల్లో కూడా తెప్పించండి. వచ్చే ప్రాజెక్టు ప్రతిపాదనలో ప్లాటు దగ్గర మరుగుదొడ్డికి, తాగునీటికి, తెల్లవారుజాము వాహనానికి పద్దులు రాయండి. నిధులిచ్చేవారు కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, తర్వాతి ప్రతిపాదనలో మళ్లీ రాయండి.